మోగని సైరన్

కాలువ గేట్ల ఆఫీసులోకి చెప్పులతోనే పోయాను. సామ్యూల్ కంప్యూటర్ ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

నిన్న సైరన్ మోగకుండానే నీళ్లు వదిలారు. కాలువలో బట్టలు ఉతుకుతున్న నా బిడ్డ సుప్రియ కొట్టుకుపోయి చనిపోయింది.

“ఎందుకు మోగలే?” అన్నాను.

“కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చిన. ఎక్కిస్తుంటే ఎనుక నడిచే సైరన్ ప్రోగ్రాం ఆగింది. దాన్ని మళ్ల నడిపియ్యాలె. మరిచిన. తెర మీద అంత పచ్చగనే ఉండె.”

“తెరకేంది, పచ్చగనే ఉంటది. కరెంటు పోయొస్తే మేం మోటరు మళ్ల ఒత్తుతం. ఒత్తి ఊకుంటమా? పైపు కాడికి పోయి నీళ్లు పడుతున్నయా లేదా చూస్తం. సదువు రాని నాకు తెల్సు. ఇంత సదివినోనివి, ఒక్కపారి సైరన్ మోగిచ్చి చూస్తే నీ చేతులు అరిగిపోతుండెనా?”

వాడి చెంప మీద కొట్టాను. వాడు తల తిప్పుకోలేదు.

“పాన్‌గల్ నుంచి పాస్టరయ్య వచ్చి ఇంటికాడ కూసున్నడు. లెయ్యి.”

“నేను రాను. ఏ ముఖం పెట్టుకొని రావాలె?”

“గా ముఖమే పెట్టుకొని రా. నీ చెల్లె శవప్పెట్టె, అన్నవై నువ్వు ఎత్తకుంటే ఇంకెవరెత్తుతరు?”