ఉభయకుశలోపరి

మెయిలు వెళ్లిపోయినట్టు తెర మీద పడిన మరుక్షణం సుధీంద్ర తల పట్టుకున్నాడు.

"ఏమైందప్పా, అట్లా అయిపోతివి?" పక్క కుర్చీలోంచి నాగప్ప అడిగాడు. ఆదోనిలో వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆ చిన్న ఆఫీసు వాళ్లిద్దరిదీ.

"రంగుల ప్రతి మార్చినాను. సాదా ప్రతి మార్చేది మర్చిపోయినాను."

"అంతేనా! సాదా ప్రతి ఎవరు సూస్తారప్పా?"

"చూసేవాళ్లు కాదు, వినేవాళ్లుండారు."

వాళ్ల కోడు పంపే ప్రతి మెయిలూ రెండు ప్రతులను మోసుకుపోతుంది. ఒకటి హెచ్‌టీఎంఎల్‌లో బొమ్మలతో, రంగులతో ముస్తాబైనది. రెండోది వట్టి అక్షరాలది. మామూలు ఫోన్లు మొదటిదే చూపిస్తాయి, రెండోది ఉన్న సంగతే చదివేవాళ్లకు తెలియదు. కానీ ఎమ్మిగనూరులో ఉండే హబీబుల్లాకు షుగరుతో చూపు పోయింది. బొమ్మల ప్రతి వెళితే ఆయన ఫోను ఉత్తరాన్ని వదిలేసి 'ఇమేజ్, లింక్, ఇమేజ్' అని వల్లించేది. అందుకని సాదా ప్రతినే పైకి చదివి వినిపించేటట్టు సుధీంద్రే ఒకసారి వెళ్లి ఆ ఫోను సరిచేసి వచ్చాడు.

సుధీంద్ర తండ్రి వెంకోబారావు ఎమ్మిగనూరు బడిలో తెలుగు చెప్పే రోజుల్లో, మగ్గం నేసే హబీబుల్లాకు సాయంత్రాలు అక్షరాలు దిద్దించాడు. ఉత్తరం రాయడమూ నేర్పాడు. అప్పటినుంచి ఇద్దరి ఉత్తరాలూ 'ఉభయకుశలోపరి' అనే మొదలయ్యేవి. పక్షవాతంతో ఆదోనిలో మంచాన పడ్డాక కూడా వెంకోబారావు ప్రతి శుక్రవారం కొడుకుకు చెప్పి రాయించేవాడు. హబీబుల్లా నోటితో చెబితే ఆయన ఫోనే రాసి జవాబు పంపేది.

ఎనిమిది నెలల కిందట వెంకోబారావు పోయాడు. అంతకు కొన్నాళ్ల ముందు హబీబుల్లా నుంచి ఇలా వచ్చి ఉంది: 'గుండెకు ఆపరేషన్ అయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. ఫోను సెయ్యాకు, మనిషిని పంపియ్యాకు. వారం వారం నీ ఉత్తరం వస్తే అదే నాకు మందు.'

ఆ మందు ఆపడానికి సుధీంద్రకు మనసొప్పలేదు. నాన్న మాటతీరులో తనే రాయసాగాడు. జవాబు వచ్చిన ప్రతిసారీ నాన్న ఇంకా లోపలి గదిలో ఉన్నట్టే అనిపించేది. ఆ సుఖానికి అంతలోనే సిగ్గూ వేసేది.

నిన్న ఆ సిగ్గు భరించలేక సాదా ప్రతిలో ఉన్నదున్నట్టు రాసేశాడు. 'చాచా, నాన్న పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పినాను.' పంపే ధైర్యం చాల్లేదు. ఈ పొద్దు రంగుల ప్రతిలో ఎర్ర మందారాల బొమ్మ పెట్టి, ఎప్పటిలాగే 'ఉభయకుశలోపరి, ఇక్కడ అందరం క్షేమం' అని రాసి పంపాడు. సాదా ప్రతిలో నిన్నటి నిజం అలాగే ఉండిపోయింది.

"ఆ గుండె ఈ మాట తట్టుకుంటాదా, నాగప్పా?"

"ఈడ కూసుని అడిగితే ఏమొస్తాది? పో అప్పా, బస్సెక్కు."

దారిలో హబీబుల్లా నంబరుకు నాలుగుసార్లు చేశాడు. కలవలేదు. ఆ ఇంట్లో ఇంకెవరి నంబరూ తన దగ్గర లేదు. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు మీద కోపం వచ్చింది, ఆ వెంటనే తన మీద వచ్చింది. ఒక మనిషిని బతికించాలని ఆడిన అబద్ధం ఆ మనిషినే తీసుకుపోతే ఏ ముఖం పెట్టుకుని బతకాలి?

తలుపు తీసింది హబీబుల్లా కూతురు ఇర్ఫానా. అతన్ని చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమన్నా, సెప్పకుండా వచ్చినావు? మీ నాయన బాగుండాడా?"

సుధీంద్ర ఆ మాట దాటేశాడు. "చాచా ఈ పొద్దు మెయిలు విన్నాడా?"

"నేనే నా ఫోన్లో సదివినాను. ఎర్ర మందారాల బొమ్మ శానా బాగుండాది."

"క్షేమమనే ఉందా? వేరే ఏమీ లేదా?"

"ఇంకేముంటాదన్నా?"

సుధీంద్ర గుండెల మీది బరువు సగం దిగింది. చదివింది ఈమె, ఆయనింకా వినలేదు. ఆ ఫోను ఒక్కసారి చేతికొస్తే ఉత్తరం తుడిచేయొచ్చు.

"చాచా యాడ? ఆయన ఫోను ఒకసారి ఇస్తావామ్మా?"

ఇర్ఫానా గడపకు అడ్డంగా నిలబడింది. ఆమె వెనక మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. నులకమంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆమె రెండు చేతులూ జోడించింది.

"నీ దగ్గర ఇంక దాసలేనన్నా. కానీ నాకొక మాట ఇయ్యాల."

"ఏం మాట?"

"మా అబ్బాజాన్ పోయి ఏడాదైంది, మీ నాయనకు మాత్రం సెప్పొద్దన్నా."