అండాలు గొంతు

"సరే, పెట్టుర్రి మీ పెట్టె పాట. ఒక్కపాలి ఇంటం," అంది ఫోన్లో భూలక్ష్మి.

సౌందర్య ఎగిరి గంతేసింది. కొత్త కోడలినన్న సంగతి మరిచిపోయి, పట్టపగలు నట్టింట్లో నరేందర్ మెడకు వేలాడింది. అతను ఒక చేత్తో భార్యను, ఇంకో చేత్తో ఫోన్‌ను జారిపోకుండా పట్టుకున్నాడు.

పాలకుర్తి పక్క ఊరు వాళ్లది. అక్కడ నాట్లేసే ఆడవాళ్లకు భూలక్ష్మి పెద్ద. ఎన్నాళ్లుగానో బతిమాలితే ఇవాళ ఒప్పుకుంది. రేపు నరేందర్ వాళ్ల మడిలోనే నాటు. ముందు పాట అండాలు గొంతులో రావాలి, వెనక పాట వాళ్లు అందుకోవాలి. నరేందర్‌కు ఈ వానాకాలం అదొక్కటే కోరిక.

"గని ఒక్క మాట బిడ్డా," అంది భూలక్ష్మి. "పాటల పాణం లేకపోతే నడిమిట్లనే బంద్ చేపిస్త. మా అండాలక్క పేరు ఖరాబు కానియ్య. మల్ల గా పాట మా నాట్లల్ల మోగొద్దు."

ఒకప్పుడు అండాలు పాట ఎత్తుకుంటే వంగిన నడుములకు నొప్పి తెలిసేది కాదట. సౌందర్య ఆ పాటను నేరుగా ఎన్నడూ వినలేదు. ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికే ఆ గొంతు లేదు. మిగిలింది నరేందర్ ఎప్పుడో ఫోన్లో పట్టిన ఒకే ఒక్క పాట. ఫోన్ దాన్ని చదును చేసేసింది. ఎక్కడ ఎత్తిందో, ఎక్కడ దించిందో తెలియదు. మొదలు నుంచి చివరి దాకా ఒకటే మోత.

అందుకే ఈ పెడల్. నరేందర్ స్నేహితులు ఇచ్చిన పెళ్లి కానుక. కుట్టుమిషన్ కింది పలకలా ఉంటుంది. మునివేళ్లతో నొక్కితే పాట పెరుగుతుంది, మడమ దించితే తగ్గుతుంది. పాదం ఎలా ఆడితే అలా కంప్యూటర్ తెర మీద ఒక నీలి గీత పడుతూ పోతుంది.

నరేందర్ పెడల్ వైరును సంగీతం వాయించే కీబోర్డుకు, కీబోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపాడు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఈ పెడల్‌ను గుర్తుపట్టడం నేర్పాడు.

"ఇగ తొక్కు," అన్నాడు.

సౌందర్య తొక్కింది. పాట పెరగలేదు, తగ్గింది.

"అచ్చం నీ లెక్కనే!" పకపకా నవ్విందామె. "ముందుకు రమ్మంటే ఎనుకకు వోతది."

నరేందర్ పెడల్ పక్కనున్న చిన్న స్విచ్ తిప్పాడు. దారికొచ్చింది. అంతలోనే, ఎవరూ తొక్కకుండానే, తెర మీద గీత సన్నగా వణికింది. సౌందర్య చప్పున కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంది.

"దయ్యం గాదే, వైరు లూజున్నది," అంటూ అతను పిన్నును లోపలికి గట్టిగా నెట్టాడు. వణుకు ఆగింది.

ఒకరి తర్వాత ఒకరు తొక్కారు. ప్రతి వరుస చివరా పాటను పైకి లేపారు. ఎంత లేపినా అది పాటలా లేదు. ఖాళీ వడ్ల గుమ్మిలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు మాత్రం మరీ దగ్గరగా, చెవి వెనకే వినిపిస్తోంది. సౌందర్య ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసింది.

అత్త నిలబడి ఉంది, చాయ్ గ్లాసులతో.

గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగు మెడ చుట్టూ లాక్కుని, ఏమీ అనకుండానే వెళ్లిపోయింది. ఆ గొంతు మోగినప్పుడల్లా అంతే. గదిలో నిలవదు.

"అత్తమ్మకు మనం జేసేది నచ్చుతలేదేమో," గుసగుసగా అంది సౌందర్య. "పోయిన గొంతును మల్ల లేపుడెందుకని."

నరేందర్ తల్లి వెళ్లిన వైపు చూశాడు. "నాకే గుండె పిండినట్టయితున్నది. ఇగ అవ్వకు ఎట్లుంటది?"

బయట జోరున వాన అందుకుంది.

"బట్టలు!" అని అరిచింది సౌందర్య. ఇద్దరూ మిద్దె మీదికి ఉరికారు. తడిసిన దుప్పటి చెరో కొస పట్టి పిండుతూ, దండెం మీద నిలిచిన చినుకులను ఒకరి మీద ఒకరు జాడించుకుంటూ, రేపటి భయాన్ని కాసేపు మరిచిపోయారు. కింద గదిలో పాట తన మానాన తాను నడుస్తూనే ఉంది.

దిగి వచ్చేసరికి పాట అయిపోయింది. తెర మీద కొత్త గీత ఉంది.

"నువ్వు తొక్కినవా?" అన్నాడు నరేందర్.

"నీతోనే పైనున్న గద!"

"మల్ల వైరేనా ఏంది?"

"వైరయితే వణుకుతది. గిది చూడు, ఊపిరి తీసినట్టున్నది."

నిజమే. గీత ప్రతి వరుస మొదట్లో నిండుగా లేచి, చివరికొచ్చేసరికి మెల్లగా నేలకు వాలుతోంది. నరేందర్ వేలు ఒక్క క్షణం తటపటాయించి, పాటను మొదటి నుంచి పెట్టింది.

గది మారిపోయింది. గొంతు మీదికొచ్చింది, దగ్గరయింది, చివరన తలవంచి పక్కకు తప్పుకుంది. తప్పుకున్న ఆ జాగాలో వెనక పాట పట్టే చోటుంది. సౌందర్య తనకు తెలియకుండానే ఆ పాట అందుకుంది.

"గిట్లనే," అన్నాడు నరేందర్. "గిట్లనే దించుతుండె. ఇంకెవ్వలికీ రాదిది."

సౌందర్య కిందికి చూసింది. పెడల్ నల్లటి రబ్బరు మీద తడి పాదం గుర్తు. ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి. అది తన పాదమంత లేదు, నరేందర్ పాదం ముందు మరీ చిన్నది. తడి అడుగులు గచ్చు మీదుగా వెనక వాకిలి దాకా పోయాయి.

నరేందర్ వాటి వెంటే నడిచాడు. వాకిట్లో, చూరు కింద, వానను చూస్తూ నిలబడిన మనిషి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"రేపు మడి గట్టు మీద పెడల్ నువ్వే తొక్కుతవు అవ్వా," అన్నాడు, గొంతు ఆపరేషన్ అయిన నాటి నుంచి ఒక్క మాటైనా పలకలేకపోయిన అండాలు చేతులు రెండూ పట్టుకుని.