గుండీ దొరకని మాల్

మాల్‌లో కొట్టు అద్దెకు తీసుకునే కాగితాల మీద సంతకానికి వస్తుండగా గుండీల కొట్టు యజమాని చొక్కా గుండీ ఊడి, లిఫ్టు సందులో పడిపోయింది. మాల్ మేనేజరు గదిలో ఆయన పొట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. గుండీ కోసం నాలుగు అంతస్తులూ గాలించి భార్య తిరిగివచ్చింది.

"దొరికిందా?"

"అడిగిన ప్రతిచోటా కొత్త చొక్కా చూపించారు. ఒకాయన నా చీర కూడా మార్చెయ్యమన్నాడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా? ఇంత మాల్‌లో గుండీలమ్మేవాడు ఒక్కడూ లేడు. మనకిక పోటీయే లేదు. వీధిలో కొట్టు ఇవాళే ఖాళీ చేసేద్దాం."

"దివ్యమైన ఆలోచన సార్," అంటూ మేనేజరు కలం అందించాడు. "రోజూ ఇసుక వేస్తే రాలనంత జనం."

"వస్తారండీ, ఎందుకు రారు," అంది ఆమె. "మన వీధిలో గుండీ ఊడినవాడు స్కూటరు దిగకుండానే మిమ్మల్ని కేకేస్తాడు. ఇక్కడికొచ్చేవాళ్లు గుండీ ఊడితే చొక్కా మార్చేస్తారు. పోటీ లేదు సరే, బేరమేదీ?"

ఆయన అద్దంలోంచి కిందికి చూశాడు. సంచులు మోసుకుంటూ తిరుగుతున్న అంత జనంలోనూ ఊడిన గుండీ కుట్టించుకోవాలనుకున్నవాడు తానొక్కడే.

కలానికి మూత పెట్టి మేనేజరుకు తిరిగిచ్చాడు.

"కిందికి దిగే మెట్లు ఎటండీ?"