వల కప్పిన పెళ్ళికొడుకు

"పెళ్ళికొడుక్కి వల కప్పడం మీ జాలర్ల ఆచారం. ఆచారం ఎవడబ్బ సొమ్మూ కాదు," అన్నాడు టీవీ నిర్మాత మురళీధర్, రాజమండ్రిలో రచయిత్రి వీరదుర్గ తరఫు లాయరు తబిత గారి ఆఫీసులో కాలుమీద కాలేసుకుని.

నిరుడు వీరదుర్గ తన సీరియల్ కథ వినిపిస్తే బాగోలేదని పంపేశాడు. ఇప్పుడు ఆ వల సీనుతో సహా అదే కథ రోజూ టీవీలో వస్తోంది.

"ఆ ఆచారం మీరెక్కడ చూశారండి?" అడిగింది వీరదుర్గ.

"మీ వాళ్ళ పెళ్ళిళ్ళు పది చూశాను. కోర్టులోనూ అదే చెప్తాను."

ఆమె పక్కనున్న నాయనమ్మ అప్పాయమ్మ వైపు తిరిగింది. "మనలో పెళ్ళికొడుక్కి వల కప్పుతారా మామ్మా?"

అప్పాయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "పెళ్ళికొడుకేమన్నా చేపేంటే, వల కప్పడానికి?"

మురళీధర్ కాలు దించాడు.

"ఆ ఆచారం నేను కల్పించిందండి," అంది వీరదుర్గ. "మీకు వినిపించే ముందే స్క్రిప్టు రిజిస్టరు చేయించాను. అది మా ఆచారమని మీరు ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పుకునేదాకా ఆగాను."

"కోర్టులెందుకమ్మా, మాట్లాడుకుని సర్దుకుందాం."

"లేదండి, కోర్టుకే రండి. మామ్మ కూడా వస్తుంది. ఆ పది పెళ్ళిళ్ళూ ఎవరి ఇళ్ళల్లో చూశారో ఆవిడ ఎదురుగా చెబుదురుగాని."