పరాయి కార్డు

సిమ్ వేద్దామని ట్రే లాగితే, అందులో అప్పటికే ఒక మెమరీ కార్డు ఉంది.

వాదిరాజ్ దాన్ని గోటితో తీసి చూశాడు. ఫోను పాతది, ఆన్‌లైన్లో కొన్నాడు. పాత ఫోన్లు అలా అమ్మడం, కొనడం అతనికి అలవాటే. అమ్మినవాడు రాయచూరు బజార్లో బట్టల దుకాణం నడిపే తిరుమలేశ్. ఒకరి నంబరు ఒకరు అడక్కుండా యాప్‌లోనే మాట్లాడుకున్నారు. థర్మల్ ప్లాంటులో తోటి ఆపరేటరు ప్రాణేశ్ ఊళ్లోకి పోతుంటే చెప్పి తెప్పించుకున్నాడు.

ఫోను భార్య గిరిజ కోసం. ఆమె ఫోను అద్దం పగిలి, నొక్కినా అక్షరాలు పడటం లేదు.

"పెరుగు తెమ్మని వాయిస్ పెట్టిన గదా. వినలేదా?" వంటింట్లోంచి అడిగింది ఆమె.

"వాయిస్‌లు ఎవడింటడు? ఇగ ఫోను తెచ్చిన గదా, రాసి పంపు."

పెళ్లయి పదేళ్లు. పేరు పెట్టి పిలవదు సరే, వాళ్లలో ఏ ఇల్లాలూ మొగుణ్ని పేరుతో పిలవదు. కానీ ఈమె అసలు ఏ పిలుపుతోనూ పిలవదు. గిన్నె చప్పుడైతే భోజనానికి రమ్మని అర్థం.

అప్పుడే యాప్‌లో తిరుమలేశ్ నుంచి మెసేజ్ వచ్చింది. 'అన్నా, లోపల ఒక కార్డు మర్చిపోయిన. నాది కాదు, ఇంకొకరిది. తెరవకుండ పక్కన పెట్టుండ్రి. వచ్చి తీస్కపోత.'

తెరవొద్దంటే చెయ్యి ఆగుతుందా? 'కార్డు ఏం లేదు' అని కొట్టి, ఇయర్‌ఫోన్లు పట్టుకుని మేడెక్కాడు వాదిరాజ్.

కార్డులో ఫోటోలు లేవు. అన్నీ వాయిస్ మెసేజ్‌లే. నలభై ఒకటి. మొదటిది నొక్కాడు.

"రీ... మల్లెలు తెచ్చుకున్న. మీరొచ్చేదాంక వాడిపోతయేమో."

గిరిజ గొంతు!

'రీ' అన్నది కన్నడ ఇల్లాళ్లు మొగుణ్ని పిలిచే పిలుపు. ప్లాంటు కాలనీలో ఇంటింటా వినపడేదే. గిరిజ నోట మాత్రం అతను ఎన్నడూ వినలేదు.

రెండోది నొక్కాడు.

"రీ, ఎదురుంగ ఉంటే నోరు రాదు. సిగ్గు. గందుకే ఫోన్ల చెప్తున్న. ఇయ్యాల ఆకుపచ్చ చీర కట్టుకున్న."

ఆకుపచ్చ చీర. ఆమెకు అలాంటి చీర ఉందనే అతనికి తెలియదు.

"రీ, కరెంటు పోయింది. మేడ మీద కూసున్న. చిమ్నీ మీది ఎర్ర దీపాలు కనబడుతున్నయి. మీరు గా దీపాల కిందనే ఉన్నరనుకుంట."

అంటే వాడు ప్లాంటు వాడే.

ఫైళ్ల పేర్లలో తేదీలున్నాయి. ఏడేళ్ల కిందటివి. వాదిరాజ్ పాత డ్యూటీ డైరీ తీసి ఒక్కొక్కటీ సరిచూశాడు. అన్నీ తను సెకండ్ షిఫ్టులో ఉన్న రోజులే. మొగుడు గేటు దాటగానే మొదలన్నమాట!

డైరీని మూలకు విసిరేశాడు.

మర్నాడు క్యాంటీన్లో తోటి ఉద్యోగి మహదేవప్ప "ఇంట్ల అందరు బాగున్నరా?" అన్నాడు. ఆ అడిగిన తీరు నచ్చలేదు. ప్రాణేశ్ కూనిరాగం తీస్తే అదీ నచ్చలేదు. ఎవరి మొహం చూసినా 'వీడేనా' అనిపించింది.

ఇంట్లో గిరిజ పళ్లెం పెట్టి పక్కకు తప్పుకుంటే, పెదవి కదపని ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాడికైతే పూల కబుర్లు, చీర కబుర్లు. తనకు గిన్నె చప్పుడు.

నలభై ఒకటీ మళ్లీ మళ్లీ విన్నాడు. చివరిది చాలా చిన్నది.

"రీ... ఇంటున్నరా? ఇదే ఆఖరు. ఇగ పెట్ట."

వాడితో చెడిందన్నమాట. అప్పట్నుంచే ఈమె మూగదైంది. ఏడేళ్లుగా తన ఇంట్లో ఉంటూ వాడి మీద బెంగ పెట్టుకుంది!

ఆదివారం పొద్దున్నే చెప్పేశాడు. "బట్టలు సర్దుకో. సాయంత్రం బస్సుకు అరకేర పోదువు, మీ అమ్మ కాడికి."

"ఎన్ని దినాలకు?"

"వాపస్ వచ్చేది లేదు."

ఆమె అటక మీది పెట్టె దించింది. అతను వాడి పేరు తెలుసుకుందామని రాయచూరు బయలుదేరాడు.

"కార్డు నా కాడ ఉంది," దుకాణం గల్లా ముందు నిలబడి అన్నాడు వాదిరాజ్. "ఎవరిది?"

తిరుమలేశ్ మొహం వెలిగింది. "బతికించిండ్రన్నా! మరి లేదంటిరి?"

"ఎవరిదని అడుగుతున్న."

"ఎన్కట, ఏడేండ్ల కింద, ఒకాయన కాడ పాత ఫోను కొన్న. గిట్లనే, ఆన్‌లైన్ల. మనిషిని చూడలే. డ్యూటీల ఉన్నడంట, ప్లాంటు గేటు కాడ వాచ్‌మన్ చేతికి ఇచ్చిండె. ఇంటికొచ్చి చూస్తే లోపల కార్డు."

"విన్నవా?"

"వినుడేంది? అండ్ల పాటలున్నయా? నేను తెరవనే లేదన్నా. పరాయోళ్ల అమానతు అది, దాచి వాపస్ ఇయ్యాలె. ఆయన ఫోను అమ్మిండు గని, కార్డు అమ్మలే గదా."

"వాపస్ ఎందుకియ్యలే?"

"చేస్తే ఎత్తలే. రెండు వాయిస్‌లు పెట్టిన. ఇయ్యాల్టిదాంక జవాబు లేదు. చిన్న వస్తువు, యాడన్న పడిపోతదని నా ఫోన్ల పెట్టి దాచిన. అమ్మేటప్పుడు తీసుడు మర్చిన."

"నంబరియ్యి."

తిరుమలేశ్ గల్లాపెట్టె అడుగునుంచి అంచులు చివికిన నోటు పుస్తకం తీశాడు. వాదిరాజ్ చెయ్యి చాచాడు.

"ఆగన్నా. ముంగట ఆయనను అడగాలె. అడగకుంట ఒకరి నంబరు ఇంకొకరికి ఎట్లిస్త?"

సరే, అదీ మంచిదే. వాడి గొంతు ఒక్కసారి వింటే చాలు, ప్లాంటులో వాడెవడో తను పోల్చగలడు. వాదిరాజ్ పిడికిలి బిగించి గల్లా మీదికి వంగాడు.

తిరుమలేశ్ పుస్తకం చూస్తూ ఒక్కో అంకె నొక్కి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

వాదిరాజ్ జేబులో ఫోను మోగింది.