గింజల మిషన్

"దిగొద్దే నూరీ, దిగొద్దు! పైకి పో!"

ఖలందర్ గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాడు. నూరీ వినలేదు. ప్రొద్దుటూరు మిద్దెల మీదుగా ఒక్క చుట్టు చుట్టి, ఆయాసపడుతూ వచ్చి పిట్టగోడ మీద చతికిలబడింది. అది దిగడమే ఆలస్యం, వెనకున్న పావురాలన్నీ టపటపా దిగేశాయి. ఎండ ఇంకా చురుక్కుమనలేదు. పక్క మిద్దె హుమాయున్ పావురాలు మాత్రం నువ్వుగింజల్లా కనిపిస్తూ ఆకాశంలో తిరుగుతున్నాయి.

పావురాల పందెంలో మాట ఒకటే. ముందు దిగిన గుంపు ఓడినట్టు. ఓడినవాడు తన గుంపును నడిపే పిట్టను గెలిచినవాడి చేతిలో పెట్టాలి. అంటే సాయంత్రానికి నూరీ గోడ అవతలికి పోతుంది. అరచేతిలో గింజలు పోసి ఖలందర్ సాకిన పిట్ట అది. పెళ్లాం పిలిస్తే పలికేవాడో లేదో గానీ, నూరీ కూస్తే మాత్రం అన్నం ముందు నుంచి కూడా లేచొచ్చేవాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావే?" అని దాన్ని తిట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే రోషం పొడుచుకొచ్చింది.

"హబీబుల్లా చాచా! ఇందులో ఏందో మోసముంది. నా పిట్టలకు ఎవురో మందు పెట్టినారు."

పందేనికి పెద్దమనిషిగా కూర్చున్న హబీబుల్లా నూరీని చేతిలోకి తీసుకుని రొమ్ము ఒత్తి చూశాడు. అటూ ఇటూ ఎత్తి బరువు చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"మందు గాదప్పా, కొవ్వు! పందెం పిట్టను ఇట్ల మేపుతారా యాడన్నా?"

"అల్లా తోడు చాచా! పొద్దున పిడికెడు, మాపున పిడికెడు. నా చేత్తో నేనే పెడతాండా. అంతకు మించి ఒక్క జొన్నగింజ ఎరగవు."

"మరి హుమాయున్ పిట్టల్ని చూడు. నువ్వు చేసిచ్చిన మిషన్లో పొద్దస్తమానం తింటాండాయి. అయినా ఎట్ల ఎగరతాండాయో!"

ఖలందర్ తలెత్తి ఆ పిట్టల వైపే చూశాడు.

కొత్త రాష్ట్రం వచ్చాక ఆ పేటలో జనం అంతగా చెప్పుకున్న సంగతి ఆ మిషనొక్కటే. ఖలందర్ తన రేకుపని అంగట్లో కిరసనాయిలు డబ్బా కోసి చేశాడు. డబ్బా నిండా జొన్నలు పోస్తే చాలు. కింద ఉన్న పలక మీద పావురం కాలు పెడితే మూత తెరుచుకుని గింజలు రాలతాయి, కాలు తీస్తే మూసుకుంటుంది. పక్కనే పళ్లెంలో బోర్లించిన సీసా. పిట్టలు ఎన్ని నీళ్లు తాగితే అన్నే కిందికి దిగుతాయి. మొదట చేసినదాంట్లో గింజలు దారిలోనే ఇరుక్కున్నాయి. ఆ తర్వాతదాన్ని పిచ్చుకలు దోచుకున్నాయి. పిచ్చుక బరువుకు కదలకుండా, పావురం బరువుకే కదిలేలా పలక అవతలి కొసకు సీసం ముక్క కట్టి, నానా తంటాలు పడి సాధించాడు. "గాజులమ్మేదానికి జమ్మలమడుగు పక్క ఊర్లు పట్టుకుని తిరుగుతాంటావు, పిట్టలు పస్తుంటాండాయి. పెట్టుకో తమ్ముడా" అని హుమాయున్‌కు ఊరికే ఇచ్చేశాడు. ఖలందర్‌ది ఎంత మంచి మనసో అని అందరూ మెచ్చుకున్నారు.

మంచి మనసా, మన్నా! కాలు పెట్టినప్పుడల్లా గింజ రాలితే ఏ పిట్టయినా తింటూనే ఉంటుంది. తింటూ ఉంటే కొవ్వెక్కుతుంది. కొవ్వెక్కిన పిట్ట ఎగరదు. ఖలందర్ చేసింది మిషన్ కాదు, ఉచ్చు. ఒక్కపూట కూడా చెడిపోకూడదని అన్ని తంటాలు పడింది అందుకే. ఇప్పుడీ మాట చాచాకు చెప్పుకోలేడు, చెప్పకుండా ఉండనూ లేడు. దొంగకు తేలు కుట్టినట్టయింది.

గోడ మీద నుంచి వంగి హుమాయున్‌ను కేకేశాడు.

హుమాయున్ పరుగున వచ్చాడు. గెలిచినవాడి కళ ముఖంలో లేనే లేదు.

"నూరీకి ఏమయింది భాయ్? బాగలేదా?"

"దాని సంగతి అట్లుండనీ. నేనిచ్చిన మిషన్ యాడ?"

హుమాయున్ తల గోక్కున్నాడు. "కోప్పడొద్దు భాయ్. మా అమ్మ ఒప్పుకోలా. చేత్తో పెట్టకుంటే పిట్టకు మనిషి మీద ఇశ్వాసం ఉండదంట. ముసల్ది తానే మెట్లెక్కి ఇంత పెట్టి పోతాంది."

"అంటే ఒక్క దినం గూడ వాడలేదా?"

"లేదు భాయ్."

ఖలందర్‌కు ఒళ్లు మండిపోయింది. తను పన్నిన ఉచ్చులో పడనందుకు హుమాయున్ తనకు ద్రోహం చేశాడనే అనిపించింది. ఉత్తుత్తిగా కాదు, గుండెల్లో కలుక్కుమనేటట్టు అనిపించింది. సాకిన పిట్ట మోసం చేసె, తమ్ముడా అని పిలిచినవాడు మోసం చేసె. ఇంక ఈ లోకంలో ఎవరిని నమ్మాలి?

"ప్రాణం పెట్టి చేసిస్తే మూలన పారేస్తివి గదరా, నమ్మకద్రోహీ!"

"అయ్యో, అంత మంచి వస్తువును పారేస్తానా భాయ్? మరుదినమే భాబీకి ఇచ్చేస్తి."

"ఎవురికీ?"

గెలుపు మనదేనన్న ధీమాతో సేమియా పాయసం గిన్నె పట్టుకుని అప్పుడే మెట్లెక్కి వచ్చింది ఖలందర్ భార్య అఖ్తర్ బీ. హుమాయున్ మాట చెవిన పడగానే సిగ్గుపడుతూ నవ్వింది.

"చెప్పేసినాడా? ఇంగ దాచేదేముందిలే. పిడికెడు గింజలకు నూరీ అల్లాడతాంటే చూడలేకపోతి. మీరు అంగడికి పోతానే మిషన్ మిద్దె మీద పెట్టి, వచ్చే యాళకు ఎత్తి దాస్తాండా. మీ చేతిపనికి దిష్టి తగలకూడదు గానీ, ఒక్క దినం గూడ మొరాయించలేదు!"