నాలుగో మాసికం

అత్తగారు హైమవతమ్మ పోయి మూడు నెలలు కావస్తున్నా, వంటింటి యంత్రం పొద్దున్నే ఆవిడ గదిలోకి రాగిజావ పంపుతూనే ఉంది. గిన్నె ఖాళీగా తిరిగొస్తోంది.

ఊళ్లో ఇళ్లన్నింటినీ నడిపే తేదీల కోడ్ లైబ్రరీలో తప్పులు దిద్దడమే ఉజ్వల ఉద్యోగం. ఈ తప్పు ఆమెకి సొంతింట్లోనే దొరికింది. మాసికం ఎప్పుడని అడిగితే, ఆ కోడ్ పోయిన తేదీకి నకలు తీసి, ఆ నకలుకి నెల కలిపి చెప్పాలి. అది నకలు తియ్యకుండా అసలు తేదీనే మార్చేస్తోంది. అడిగినప్పుడల్లా అత్తగారి చావు ఇంకో నెల వాయిదా పడుతోంది. ఆవిడ బతికే ఉందని ఇల్లు నమ్ముతోంది.

"మాసికం తేదీ మూడుసార్లు అడిగారేంటండీ?" అంది భర్తతో.

"రెండుసార్లే అడిగాను. మూడోది పంతులుగారే చెప్పారు కదా!" అన్నాడు ప్రసన్న, చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ.

నకలు తియ్యమనే ఒక్క వరుస చేర్చింది ఉజ్వల. పంపించేస్తే ఊరంతా సర్దుకుంటుంది. పంపేముందు మూడోసారి అడిగిందెవరా అని చిట్టా తెరిచింది. మొదటి రెండింటి పక్కన ప్రసన్న పేరుంది. మూడోదాని పక్కన అత్తగారి గది, అత్తగారి గొంతు అని ఉంది.

ఉజ్వల వేలు మీట మీదే ఆగిపోయింది.

గోడ అవతల గిన్నెలో చెంచా చప్పుడైంది. తరవాత, బతికున్నన్నాళ్లూ కోడలి నిద్ర చెడకుండా మాట్లాడిన ఆ మెల్లని గొంతే వినిపించింది.

"నా మాసికం ఎప్పుడు?"